సున్నా వరస

మొదటిరోజు ఒక్క బటన్ చేశాను.
ఆకుపచ్చది. నొక్కితే ఒకటి పెరుగుతుంది.
ఒక గొర్రె, ఒక నొక్కు.
దీనికి రోజంతా పట్టిందా అంది అక్క మిలెంకా.
కిటికీ అవతల పుంటా అరెనాస్ వీధి మూలన
తాళ్ళు కట్టి ఉన్నాయి,
జనం వాటిని పట్టుకుని నడుస్తున్నారు, గాలి అలాంటిది.
నాకు పట్టుకోడానికి ఆ బటనే ఉంది.

నాలుగోరోజు పేర్లు ఎక్కించాను.
ఉన్ని తీసే ముఠాలో పన్నెండుమంది.
మేస్త్రీ ఓయార్సో పంపిన నూనెమరకల కాగితం,
దాని ఫోటో, ఆ ఫోటోలో ఆయన బొటనవేలు.
ముప్ఫై ఏళ్ళుగా గొర్రెకో రేకుబిళ్ళ ఇచ్చాడాయన.
పొద్దుగూకాక ఎవరి డబ్బాలో ఎన్ని బిళ్ళలుంటే అంత కూలి.
"బిళ్ళకి చార్జింగ్ అక్కర్లేదమ్మా" అన్నాడు ఫోన్లో.
తిట్టాడో దీవించాడో తెలీలేదు,
మా మధ్య జలసంధి ఉంది.

ఐదు, ఆరు: ఏమీ కదల్లేదు.
ఏడు: కదిలింది, వెనక్కి.

తొమ్మిదోరోజు సిగ్నల్ పోయినా లెక్క పోకుండా చేశాను.
ఆ రాత్రి నిద్రపట్టలేదు.
డిసెంబరులో ఇక్కడ రాత్రంటే
చెప్పులు విప్పకుండానే వెళ్ళిపోయే చుట్టం.
ఊరికే కూర్చోలేక ఇంకో వరస రాశాను:
సున్నా వచ్చిన పేర్లు తెరమీద చూపొద్దని.
తెర ముగ్గు కడిగిన వాకిలిలా
శుభ్రంగా కనిపించింది.

పద్నాలుగోరోజు పడవెక్కి ఆ ఒడ్డుకెళ్ళాను.
షెడ్డులో పేడ, లానోలిన్, డీజిల్ వాసన.
నతాలియో అనే కుర్రాడు గేటు దగ్గర నా బటన్ నొక్కుతున్నాడు,
దోమని చంపినంత శ్రద్ధగా.
సాయంత్రం నా తెరలోని పేర్లవాళ్ళ డబ్బాలన్నీ లెక్కపెట్టాం.
నా లెక్కకి పదకొండు తక్కువ.
మర్నాడూ పదకొండే.
వాన పడి గొర్రెలు సగమే వచ్చిన రోజూ పదకొండే.
మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని
కోడంతా దువ్వెనతో పేలు చూసినట్టు చూశాను.
దొరకలేదు.
ఏ బగ్గూ ఇంత నమ్మకంగా ఉండదు.

పద్దెనిమిదోరోజు కోడు వదిలేసి
పలకమీద డబ్బాల్నే చూస్తూ కూర్చున్నాను.
యంత్రాలు ఆగాయి. నడుములు నిలబడ్డాయి.
ఒక్కొక్కడూ వచ్చి తన డబ్బాలోంచి ఒక బిళ్ళ తీసి
చివరి డబ్బాలో వేసి పోయాడు.
టక్. ఎవరూ మాట్లాడలేదు. టక్.
చివరి డబ్బా సెగుందో బర్రియాది.
నేను రాకముందు వారం పొట్టేలు తన్ని మణికట్టు విరిగిందట.
ఎడంచేత్తో ఉన్నితుక్కు ఊడుస్తున్నాడు,
సరిగ్గా ఆ కాసేపు మాత్రం గోడవైపు తిరిగి.

చేతికి ఎముక లేదంటారే కొందర్ని,
అలాంటి చేతులు పదకొండు
ఎముక విరిగిన ఒక చేతి దగ్గర.

నా తెరలో సెగుందో లేడు.
సున్నా కదా. అందం కోసం తుడిచేశాను.

"నీ పెట్టె ఇది దొరకి చెబుతుందా?" అన్నాడు ఓయార్సో
మాటే పొగకి మరకలు పడ్డ మీసం లోంచి.
మొత్తం మారదు కదా అన్నాను.
"మొత్తం గురించి అడగలేదు."

ఆ రాత్రి ఆ ఒక్క వరసా కొట్టేశాను.
సెగుందో పేరు అడుగున వచ్చి కూర్చుంది,
పక్కన గుండ్రంగా సున్నా, చప్పరించిన పెప్పర్‌మెంటులా.
తర్వాత ఇంకో పని చేశాను:
రోజు మూసేముందు పదినిమిషాలు
ఎవరి అంకె వాళ్ళు మార్చుకోవచ్చు.
ఎవరు ఎందుకు మార్చారో ఎక్కడా రాసిపెట్టదు.
మిలెంకా చదివి, ఇది లోపమే కదా అంది.
అవును, చూసి చూసి పెట్టిన లోపం.

పంతొమ్మిది: లెక్క సరిపోయింది.
ఓయార్సో బిళ్ళల సంచీ మాత్రం ఇంకా జేబులోంచి తియ్యలేదు.
చలికి బ్యాటరీ మూడింటికే చచ్చిపోతోంది,
నతాలియో ఫోన్ని చంకలో పెట్టుకుని వెచ్చబెడుతున్నాడు.
రేపు దాని సంగతి చూడాలి.